ల్యాబు ఉద్యోగులకు సముద్రం వైపు ఓ దారి

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ నుంచి మన్నెగూడ, బొంగుళూరు గేటు దాకా గదులు అద్దెకు తీసుకుని ఫార్మా కంపెనీల్లో, డయాగ్నస్టిక్ ల్యాబుల్లో పనిచేసుకుంటున్న బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలు చాలామందే ఉన్నారు. క్వాలిటీ కంట్రోల్‌లో కొన్నేళ్లు గడిచేసరికి వాళ్లు ఇంచుమించు ఒకే మాట అడుగుతారు: "జువాలజీ చదివినం, బయోకెమిస్ట్రీ చదివినం. ఆ చదువుకు దగ్గరగా ఉండే పనేమన్నా దొరుకుతదా సార్? దొరికినా మళ్లా ఓనమాల కాడ్నించి మొదలుపెట్టాల్నా?"

దొరుకుతుంది. ఓనమాలు అక్కర్లేదు.

కంటికి ఒకేలా కనిపించే సముద్ర జీవులు ఒకే జాతివా, వేర్వేరు జాతులవా అని తేల్చే పని గురించి చెబుతున్నాను. ముఖ్యంగా ప్లవకాల గురించి. నీళ్లలో తేలుతూ, ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోయే చిన్న జీవులివి. రొయ్య పిల్లకు మేత ఇవే, చేప పిల్లకు మేత ఇవే, ఒక్కోసారి విషం పుట్టించేవీ ఇవే. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో మీరు పోసిన జెల్, ఉద్యోగంలో చేసే ఎంజైమ్ పరీక్షలు, ఆడిట్ కోసం రోజూ నింపే లాగ్‌బుక్ ఈ పనికి పనికొచ్చే పెట్టుబడి. కొత్తగా నేర్చుకోవాల్సింది కొంత ఉంది. అది మన్నెగూడలో ఉండే మొదలుపెట్టవచ్చు.

తేడా తెలియకపోతే

1987 చివర్లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో పెంపకపు ఆల్చిప్పల మాంసం తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు. ముగ్గురు చనిపోయారు. బతికినవాళ్లలో కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. ఆల్చిప్పల్లో ఉన్న విషం డొమోయిక్ ఆమ్లం అని రసాయన శాస్త్రవేత్తలు త్వరగానే కనిపెట్టారు. మరి అది వాటిలోకి ఎక్కడినుంచి వచ్చింది? ఆ సమయంలో ఆ నీళ్లలో విపరీతంగా పెరిగిన ఒక డయాటమ్ మీద, అంటే పెంకు ఉన్న సూక్ష్మ వృక్ష ప్లవకం మీద, అనుమానం పడింది. అనుమానం సరిపోదు కదా. ఆ డయాటమ్‌ను ల్యాబులో పెంచితే అది విషం తయారుచేస్తుందా అన్నది చూపించాలి. చూపించిన 1988 నాటి పరిశోధన పత్రంలో మొదటి పేరు డి.వి.సుబ్బారావుది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాల్తేరు తీరపు వృక్ష ప్లవకాల మీద పనిచేసి, తర్వాత కెనడాలోని బెడ్‌ఫర్డ్ సముద్ర విజ్ఞాన సంస్థలో స్థిరపడిన మన తెలుగు శాస్త్రవేత్త ఆయన.

అప్పటికి ఆ డయాటమ్ పేరు నిట్జ్‌షియా పంజెన్స్. తరచి చూస్తే ఆ పేరు కింద రెండు రకాలున్నాయి. విషం తయారుచేసే రకానికి మల్టీసిరీస్ అని పేరు. దాని తోబుట్టువులాంటి రెండోది సాధారణంగా ప్రమాదం చేయదు. మామూలు మైక్రోస్కోపులో రెండూ ఒకటే. పెంకు మీది సన్నటి రంధ్రాలు ఎన్ని వరుసల్లో ఉన్నాయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే తప్ప తేడా తెలియదు. 1995కు వాటిని సూడోనిట్జ్‌షియా అనే ప్రజాతిలో రెండు విడి జాతులుగా గుర్తించారు. ఆ తేడా పట్టుకోలేని ల్యాబు మంచి సరుకును ఆపేయవచ్చు, విషపు సరుకును వదిలేయనూవచ్చు. అందుకే ఇది జీతమిచ్చి చేయించుకునే పని అయింది.

మన తీరంలోనూ ఈ శాస్త్రానికి పాత వేళ్లు ఉన్నాయి. 1952లో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినప్పటి నుంచి వాల్తేరులో సముద్ర పరిశోధన ఊపందుకుంది. పి.ఎన్.గణపతి, ఆయన విద్యార్థులు లాసన్స్ బే ప్లవకాలను నెలల తరబడి లెక్కపెట్టారు. టి.ఎస్.ఎస్.రావు బాణంలా దూసుకుపోయే కీటోగ్నాత్ జీవుల మీద 1958లో పెద్ద గ్రంథమే వెలువరించారు. రొయ్యల చుట్టాలైన చిన్న ప్లవకాలు కోపిపాడ్‌లు; వాటిని గుర్తించేందుకు 1963లో కస్తూరిరంగన్ రాసిన పుస్తకాన్ని సీఎస్‌ఐఆర్ అచ్చువేసింది. వీళ్ల పనిముట్లు వల, మైక్రోస్కోపు, పెన్సిలు. ఆ పనితనానికి ఎంత దణ్ణం పెట్టినా తక్కువే. కానీ కోపిపాడ్‌లను గుర్తుపట్టాలంటే చాలా జాతుల్లో ఎదిగిన జీవి ఐదో జత కాళ్లు చూడాలి. పిల్ల జీవుల్లో ఆ కాళ్లు ఇంకా పూర్తిగా ఏర్పడవు. సూడోకెలానస్ లాంటి వాటిలో ఎదిగిన ఆడ జీవులకు సైతం ఆ కాళ్లు ఉండవు. కన్ను ఆగిపోయే ఈ చోటే ఎంజైమ్ పద్ధతి మొదలవుతుంది.

జెల్ మీద ఏం కనిపిస్తుంది

1955లో ఆలివర్ స్మిథీస్ స్టార్చ్‌తో జెల్ పోసి ప్రొటీన్లను విడదీశాడు. రెండేళ్లకు హంటర్, మార్కర్ట్ అదే జెల్ మీద కావలసిన ఎంజైమ్‌కు మాత్రమే రంగు పట్టించి చూపారు. 1966లో లెవొంటిన్, హబీ డ్రోసోఫిలా ఈగల్లో, హారిస్ మనుషుల్లో, ఒకే ఎంజైమ్ ఒకే జాతి లోపల కూడా వేర్వేరు రూపాల్లో ఉంటుందని నిరూపించారు. జన్యువులో చిన్న మార్పు వస్తే ఎంజైమ్‌లో ఒక అమైనో ఆమ్లం మారుతుంది. దాంతో దాని విద్యుదావేశం మారితే, కరెంటు పెట్టినప్పుడు జెల్‌లో అది పరుగెత్తే దూరం మారుతుంది. పని మాత్రం పాతదే చేస్తుంది. ఇలాంటి రూపాలను అల్లోజైమ్‌లు అంటారు.

పని ఎలా సాగుతుందో చూడండి. కోపిపాడ్ పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఒక్క జీవిని తీసి, మంచు మీద పెట్టిన గుంటలో కొన్ని మైక్రోలీటర్ల బఫర్‌లో వేసి నలపాలి. ఆ చుక్కను తడిపి ఉంచిన సెల్యులోజ్ ఎసిటేట్ పలక మీద సన్నటి గీతలా అద్దాలి. ఇరవై, ముప్పై నిమిషాలు కరెంటు. ఆ తర్వాత రంగు. గ్లూకోజ్ ఫాస్ఫేట్ ఐసోమరేజ్‌ను చూడాలంటే, ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్, ఎన్‌ఏడీపీ, మెగ్నీషియం క్లోరైడ్, జీ6పీడీ ఎంజైమ్, ఎంటీటీ, పీఎంఎస్ కలిపిన గోరువెచ్చటి అగార్‌ను పలక మీద పోస్తారు. ఎంజైమ్ ఉన్నచోట మాత్రమే చర్య జరిగి నీలి ఊదా గీత తేలుతుంది. మొదట ఏమీ ఉండదు. చూస్తుండగానే ఒక్కో వరుసలో గీత ముదురుతుంది. ఎంటీటీ, పీఎంఎస్ వెలుతురుకు పాడవుతాయి గనుక గదిలో లైటు తగ్గించాలి. సమయానికి ఆపకపోతే పలకంతా నీలమవుతుంది. హెచ్‌పీఎల్‌సీ పీకు కోసం కనిపెట్టుకుని కూర్చునే ఓపిక ఉన్నవాళ్లకు ఈ పని చేతికి త్వరగా పట్టుబడుతుంది.

గీతలు చదవడం దగ్గరే అసలు తెలివి. ఈ ఎంజైమ్ రెండు ముక్కలు జతకలిస్తే తయారవుతుంది. తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరో రూపం వచ్చిన జీవిలో ఆ ముక్కలు మూడు రకాలుగా జతకడతాయి. అందుకే మూడు గీతలు కనిపిస్తాయి, నడిమిది ముదురుగా ఉంటుంది. ఒకే ముక్కతో పనిచేసే ఫాస్ఫోగ్లూకోమ్యూటేజ్‌లో అలాంటి జీవికి రెండే గీతలు. నాలుగు ముక్కల లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌లో ఐదు. ఈ సంఖ్యలు బట్టీ పట్టొద్దు. ముక్కల జతలు కాగితం మీద గీసుకోండి. ఇంటర్వ్యూలో తప్పకుండా అడగదగ్గ ప్రశ్న "మూడు గీతలు ఎందుకొచ్చాయి?" అన్నది. గీసి చూపినవాడికి విషయం అర్థమైందని ఎదుటివాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు జాతి ఎలా తేలుతుంది? ఒకే వలలో పడిన 40 జీవులను పరీక్షించామనుకుందాం. 22 వరుసల్లో వేగంగా పరుగెత్తిన గీత, 18 వరుసల్లో నెమ్మది గీత, రెండూ కలిసిన జీవి ఒక్కటీ లేదు. అవన్నీ ఒకే జాతివై, తమలో తాము కలుస్తుంటే ఎన్ని మిశ్రమ జీవులు రావాలి? వేగపు రూపం వాటా 0.55, నెమ్మది రూపం వాటా 0.45. హార్డీ-వైన్‌బర్గ్ లెక్క ప్రకారం రెండు రెట్ల 0.55 ఇంటూ 0.45, అంటే 0.495. నలభైలో దాదాపు 20 జీవులు మూడు గీతలు చూపాలి. ఒక్కటీ చూపలేదు. ఒకే నీళ్లలో, ఒకే వలలో ఉండి కూడా అవి కలవడం లేదన్నమాట. బ్రూస్ ఫ్రాస్ట్ 1989లో సూడోకెలానస్‌ను ఏడు జాతులుగా విడదీసి రాసిన ఏడాదే, సెవిన్యీ, మెక్‌లారెన్, ఫ్రాస్ట్ కలిసి ఇదే ఎంజైమ్‌తో ఆ జాతులను విడదీయవచ్చని చూపారు. అంతకు ముందు 1980లో గల్లగర్ అమెరికాలోని నారగాన్‌సెట్ అఖాతంలో స్కెలిటోనీమా డయాటమ్‌ను పరీక్షించి, చలికాలంలో పెరిగే గుంపు, వేసవిలో పెరిగే గుంపు జన్యుపరంగా వేరని కనుగొన్నారు. పేరు ఒకటే, నీళ్లు ఒకటే, కాలంతో పాటు మనిషి కంటికి తెలియకుండా జీవులు మారిపోతున్నాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. గీతలు వేరై, మిశ్రమ జీవులు లేకపోతే జాతి వేరని వాదించవచ్చు, అదీ ఒకే చోట దొరికినప్పుడు. గీతలు ఒకటే అయితే జాతి ఒకటేనని మాత్రం చెప్పలేం. ఆవేశం మారని మార్పులు జెల్‌కు కనిపించవు. అందుకే ఒక్క ఎంజైమ్‌తో తీర్పు చెప్పకుండా నాలుగైదు ఎంజైమ్‌లు చూస్తారు. రిపోర్టులో "ఒకే జాతి" అని రాయడానికీ, "ఈ పరీక్షలో తేడా కనపడలేదు" అని రాయడానికీ ఉన్న దూరం మీకు ఫార్మాలోనే అలవాటై ఉంటుంది. ఆ అలవాటును వదులుకోవద్దు.

శాంపిల్ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, ఎందుకంటే ఈ పని చెడేది సాధారణంగా అక్కడే. ఫార్మలిన్‌లో వేసిన శాంపిల్‌లో ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆల్కహాల్‌లో వేసినా అంతే. బతికున్నదైనా ఉండాలి, పట్టిన వెంటనే ద్రవ నత్రజనిలోనో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోనో పెట్టినదైనా ఉండాలి. కడుపులో మేత ఉంటే ఆ మేత ఎంజైమ్ కూడా గీతగా వచ్చి దారి తప్పిస్తుంది. అందుకని జీవులను ముందురోజు శుభ్రమైన నీళ్లలో పస్తు ఉంచుతారు. పాతబడిన శాంపిల్‌లో అసలు గీత పక్కన పిల్ల గీతలు లేస్తాయి. వాటిని కొత్త రూపాలనుకోకుండా ఉండాలంటే ప్రతి పలక మీద ముందే తెలిసిన జీవి ఒకటి పరుగెత్తాలి. దాన్ని మార్కర్ అనండి, రిఫరెన్స్ అనండి, అది లేని పలకను నేనైతే లెక్కలోకి తీసుకోను.

సముద్రం దాకా పోకుండానే

ఇక మన్నెగూడలో కూర్చుని ఏం చేయవచ్చు? ఆర్టీమియాతో మొదలుపెట్టండి. ఉప్పు నీళ్లలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి ఇది. దీని ఎండిన గుడ్లను డబ్బాల్లో అమ్ముతారు. అక్వేరియం దుకాణాల్లో చిన్న ప్యాకెట్లూ దొరుకుతాయి. రొయ్య హేచరీల్లో మైసిస్ దశ నుంచి పిల్లలకు పెట్టే ప్రధాన మేత ఇదే. లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా, అక్వేరియం గాలి పంపు, పైన ఒక బల్బు ఉంటే చాలు. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు తెరిచి ఉంచండి. నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటే 24 గంటల్లో నారింజ రంగు పిల్లలు వెలుతురు వైపు ఈదుతూ కనిపిస్తాయి.

ఆర్టీమియాలో ఎక్కువగా మార్కెట్టుకు వచ్చేది అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ సరుకు. దాని జాతి ఫ్రాన్సిస్కానా. ఆడా మగా రెండూ ఉంటాయి. మన దక్షిణాది ఉప్పు మడుల్లో పూర్వం నుంచీ ఉన్నది మరో రకం, ఇంచుమించు అన్నీ ఆడవే. మగ లేకుండానే పిల్లల్ని కంటాయి. ఇప్పుడు ఫ్రాన్సిస్కానా మన ఉప్పు మడుల్లోకి కూడా చొరబడిందని పరిశోధకులు నమోదు చేశారు. గుడ్లు, చిన్న పిల్లలు చూస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. రెండు మూడు వారాలు పెంచి, తల ముందు కొక్కేల్లాంటి పెద్ద పట్టకార్లు ఉన్న మగవి వచ్చాయా లేదా చూస్తే ఒక జవాబు దొరుకుతుంది. ఎంజైమ్ జెల్ ఇదే ప్రశ్నకు త్వరగా జవాబు చెబుతుంది. మగ లేకుండా పుట్టిన గుంపులో తల్లీబిడ్డల జన్యువులు ఇంచుమించు ఒకటే గనుక గీతలు వరుసగా ఒకే పోలికతో వస్తాయి, హార్డీ-వైన్‌బర్గ్ లెక్క అక్కడ చెల్లదు. లెక్క ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఇంతకన్నా స్పష్టంగా నేర్పే జీవి మరొకటి నాకు తెలియదు.

హేచరీకి ఇది ఎందుకు పట్టింపు? పిల్ల నోటికి మేత పట్టాలి. సాన్ ఫ్రాన్సిస్కో బే ఆర్టీమియా పిల్ల సుమారు 430 మైక్రాన్లు, గ్రేట్ సాల్ట్ లేక్‌ది సుమారు 490, చైనాలోని బోహాయ్ తీరపు మగ లేని రకం 500 దాటుతుంది. హేచరీల్లో మేతగా పెంచే మరో సూక్ష్మ ప్లవకం రోటిఫర్. జాతి తెలియని సమస్య రోటిఫర్లలో ఇంకా పెద్దది. పండుగప్ప పిల్ల నోరు విప్పిన మొదటి రోజుల్లో తినేది రోటిఫర్లనే. చెన్నైలోని సీబా సంస్థ 1997లో పండుగప్ప పిల్లల ఉత్పత్తిలో విజయం సాధించినప్పటి నుంచి మన దగ్గర కూడా ఈ మేత పెంపకం తెలిసినవాళ్లకు గిరాకీ ఉంది. చాలాకాలం అన్ని హేచరీలూ తమ రోటిఫర్‌ను బ్రాకియోనస్ ప్లైకాటిలిస్ అనే పిలిచాయి. పెద్ద రకం, చిన్న రకం అని మాత్రం తేడా చూసేవాళ్లు. ఎంజైమ్ పరీక్షలు, కొలతలు కలిపి చూశాక అవి రెండు జాతులని తేలి, 1995లో చిన్నదానికి రొటుండిఫార్మిస్ అనే పేరు స్థిరపడింది. తర్వాత డీఎన్ఏ పరీక్షలతో ప్లైకాటిలిస్ అన్న ఆ పాత పేరు కింద 15 జాతులున్నాయని చెప్పారు. చిన్న రకానికి 28 నుంచి 35 డిగ్రీల వేడి ఇష్టం, పెద్ద రకానికి 18 నుంచి 25 డిగ్రీలు. విశాఖ, నెల్లూరు తీరపు వేసవిలో ఏ రకం నిలుస్తుందో మీరే ఊహించవచ్చు. తొట్టిలో రోటిఫర్ హఠాత్తుగా కుప్పకూలితే మందు తప్పు, నీటి తప్పు అని వెతుకుతారు. ఒక్కోసారి తొట్టిలో ఉన్నది తాము అనుకున్న జాతే కాకపోవచ్చు.

ఇంట్లో పొదగడం వరకే. జెల్, రంగుల పని మాత్రం ఇంట్లో వద్దు. పోలీఅక్రిలమైడ్ జెల్ పోయకముందు ఉండే అక్రిలమైడ్ నరాలకు విషం. పీఎంఎస్, ఎంటీటీ చేతికి అంటకూడదు. మీరు చదివిన కాలేజీ ల్యాబులో సెలవు రోజున ఒక బెంచి ఇమ్మని మీ పాత మేడమ్‌ను, సార్‌ను అడగండి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఫార్మసీ, ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. వాడకుండా బీరువాలో పెట్టిన ఎలక్ట్రోఫోరెసిస్ పెట్టెలు వాటిలోనూ ఉంటాయి. కంపెనీ రసాయనం ఒక్క గ్రాము కూడా బయటికి తేవద్దు. దొరికితే ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ తర్వాతి ఉద్యోగం దాకా వెంటాడుతుంది.

డీఎన్ఏ లేకుండా కుదరదు

ఇప్పుడు ఏ నోటిఫికేషన్‌లోనూ అల్లోజైమ్ తెలిసినవాళ్లు కావాలని అడగరు. పీసీఆర్ అడుగుతారు, సీక్వెన్సింగ్ అడుగుతారు. 2003లో పాల్ హెబర్ట్ బృందం మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువును జాతులకు బార్‌కోడ్‌గా వాడవచ్చని ప్రతిపాదించాక ప్రపంచం అటు మళ్లింది. ఆ బార్‌కోడ్ 658 అక్షరాలది. ఆల్కహాల్‌లో వేసిన శాంపిల్ చాలు, ద్రవ నత్రజని మోసుకుని పడవ ఎక్కనక్కర్లేదు. అందరూ అటు వెళ్లడానికి అదొక్కటే చాలిన కారణం. ప్లవకాల శాంపిల్‌లో నీరు ఎక్కువ గనుక మొదటి రోజు పోసిన ఆల్కహాల్‌ను మర్నాడు మార్చాలి. ఈ చిన్న సంగతి తెలిసినవాళ్లను ఫీల్డు నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఇట్టే గుర్తుపడతాడు.

మరి ఎంజైమ్ పద్ధతి ఎందుకు నేర్చుకోమంటున్నాను? మైటోకాండ్రియా జన్యువు తల్లి నుంచే వస్తుంది. రెండు గుంపులు కలుస్తున్నాయా లేదా అన్న ప్రశ్నకు అది ఒంటరిగా జవాబు చెప్పలేదు. తల్లి వాటా, తండ్రి వాటా రెండూ ఒకే వరుసలో చూపించే గీతలు చదవడం వస్తే, తర్వాత మైక్రోశాటిలైట్లు వచ్చినా, ఎస్‌ఎన్‌పీలు వచ్చినా అదే ఆలోచన. పైగా కంప్యూటర్ "98 శాతం పోలిక" అని చూపగానే జాతి పేరు రాసేయడం ఇప్పుడు పెద్ద జబ్బైంది. ఉచిత డేటాబేస్‌లలో పేర్లు తప్పుగా పడిన సీక్వెన్సులు ఉన్నాయి. కోపిపాడ్‌లలో 1994 నాటి ఫోల్మర్ ప్రైమర్లు చాలాసార్లు పనిచేయవు కూడా.

జెన్‌ఏఎల్‌ఎక్స్ అనే ఉచిత పొడిగింపు ఎక్సెల్‌లోనే నడుస్తుంది, అల్లోజైమ్ లెక్కలన్నీ చేస్తుంది. సీక్వెన్సులకు మెగా సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎక్సెల్ మీకు ఎలాగూ వచ్చు గనుక మొదటిదాంతో మొదలుపెట్టి, తర్వాత ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి.

ఎక్కడ అడగాలి

మన్నెగూడ నుంచి ఎల్‌బీ నగర్, ఉప్పల్ మీదుగా వెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ. దాని వన్యప్రాణి విభాగం లాకోన్స్ అత్తాపూర్ వైపు ఉంది. ఒక మాంసం ముక్క, వెంట్రుక, ఎముక ఏ జంతువుదో చెప్పేందుకు ఎస్.కె.వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రచురించిన సార్వత్రిక ప్రైమర్ల పద్ధతి అక్కడిదే. సముద్ర ప్లవకాలు అక్కడి ప్రధాన విషయం కాదు, కానీ జాతి గుర్తింపును కోర్టులో నిలబడేలా చేయడం ఎలాగో నేర్చుకోవడానికి నగరంలో అంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. సీఎస్‌ఐఆర్ సంస్థలు నైపుణ్య శిక్షణలు నడుపుతుంటాయి, ప్రకటనలు వాళ్ల వెబ్‌సైట్లలో చూస్తుండండి. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సముద్రంలో ప్లవకాల విజృంభణపై సమాచార సేవ ఇస్తుంది. అక్కడ పని ఎక్కువగా ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ లెక్కలు. ఆర్, పైథాన్ మీద మోజున్నవాళ్లకు అది సరిపడుతుంది.

సముద్రాన్ని ముట్టుకోవాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. విశాఖలో ఎన్‌ఐఓ ప్రాంతీయ కేంద్రం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం ఉన్నాయి. నెల్లూరు దగ్గర విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో మెరైన్ బయాలజీ విభాగం ఉంది, ముత్తుకూరులో మత్స్య కళాశాల. ప్రాజెక్టు ఉద్యోగాలకు నెట్ లేదా గేట్ ఉంటే బలం. సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక 42,000, ఇంటి అద్దె అదనం. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది, ఇది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. తల్లిదండ్రుల మందుల ఖర్చు, తమ్ముడి ఫీజు మీ మీదే ఉంటే ఉన్న ఉద్యోగం వదలకుండా సెలవు రోజుల్లో చదివి, చేతిలో ఆఫర్ కాగితం పడ్డాకే రాజీనామా ఇవ్వాలి. నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లో అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూసుకుని, చేరే తేదీ చెప్పండి.

ప్రైవేటులో హేచరీలు, ఆక్వా ల్యాబులు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా 1989లో భీమునిపట్నం దగ్గర టాస్పార్క్ హేచరీ పెట్టినప్పటి నుంచి మన తీరం సీడ్ తయారీకి అలవాటుపడింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక హేచరీలు ఇంకా పెరిగాయి. భీమవరం, కాకినాడ, నెల్లూరు వైపు ల్యాబుల్లో రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ పరీక్షలకు పీసీఆర్ తెలిసినవాళ్లు కావాలి. హేచరీ ల్యాబులో చేరితే, పక్కనే ఉన్న ఆల్గే గది మీద కన్నేయండి. కీటోసెరాస్, థలాసియోసిరా, స్కెలిటోనీమా కల్చర్లు పెంచే గది అది. డబ్బా మీద "స్కెలిటోనీమా కోస్టాటమ్" అనే ఉంటుంది. ఆ పేరు కింద ఎన్నో జాతులు దాగి ఉన్నాయని సార్నో బృందం 2005లో చూపించింది. గదిలో ఉన్న స్ట్రెయిన్ ఎక్కడినుంచి వచ్చింది, ఎన్నాళ్లుగా తిరగపెంచుతున్నారు అని రిజిస్టర్ రాయడం మొదలుపెడితే ఆరు నెలల్లో మీరు లేకుండా ఆ గది నడవదు. మొదట్లో జీతం ఫార్మా కన్నా తగ్గవచ్చు, రాత్రి డ్యూటీలు ఉంటాయి, ఊరు దూరం. పెళ్లయి పిల్లలు బడికెళ్తున్నవాళ్లు వసతి సంగతి ముందే మాట్లాడుకోవాలి.

బయోడేటాలో "ఎలక్ట్రోఫోరెసిస్ వచ్చు" అని ఒక ముక్క రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ జీవి, ఎన్ని జీవులు, ఏ ఎంజైమ్‌లు, రిఫరెన్స్ ఏమిటి, ఎన్ని పలకలు చదవలేకపోయారు, ఎందుకు అని నాలుగు వరుసల్లో రాయండి. చదవలేకపోయిన పలకల సంగతి దాచొద్దు. మీరు తీసిన జెల్ ఫొటో ఒకటి ఫోన్‌లో కాక, తేదీ, వరుస సంఖ్యలు రాసి కాగితం మీద తీసుకెళ్లండి.

ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటే మొహమాటపడకుండా రెండు విషయాలు అడగండి. మైనస్ 80 ఫ్రీజర్‌కు జనరేటర్ కనెక్షన్ ఉందా? కరెంటు పోయిన రాత్రి దాన్ని చూసే బాధ్యత ఎవరిది? ఆ బాధ్యత మీదేనంటే, ఆ సంగతి అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి.